ఒకే మాత్ర, రెండు గుండెలు

లీలావతికి పడిపోవడం కన్నా, పడిపోయానని ఇంట్లో చెప్పడమంటేనే ఎక్కువ భయం.

మొదటిసారి ఆఫీసు వరండాలో పడింది. మే నెల ఎండలు. ఫైలు పట్టుకుని అండర్ సెక్రటరీ గది వైపు నడుస్తుంటే, గుండెలో పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు టపటపలాడింది. కళ్ళ ముందున్న వెలుతురంతా ఒక్కసారిగా పోయింది. తిరిగి కళ్ళు తెరిచేసరికి చెంపకి చల్లటి నేల తగులుతోంది. ముసలి ప్యూను గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"గర్మీ హై మేడమ్, గర్మీ," అన్నాడు.

వడదెబ్బేనని సెక్షన్‌లో అందరూ తేల్చేశారు. ఆవిడా అవునంది. సాయంత్రం ఆఫీసువాళ్ళ చార్టర్డ్ బస్సులో మయూర్ విహార్‌లోని ఇంటికి తిరిగి వస్తూ, యమున వంతెన మీద బస్సు ఆగి ఆగి కదులుతుంటే, మోచేతి మీద కమిలిన చోటికి పమిట కప్పుకుంది.

ఇంట్లో చెబితే ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. భర్త రాజగోపాల్ కేకలేసే మనిషి కాదు. చేతిలో పేపరు మెల్లగా మడిచి పక్కన పెడతాడు. ఆవిడ ముఖంలోకి, ముఖం వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు, చూస్తాడు. "మాత్ర వేసుకుంటున్నావా?" అంటాడు. ఆ చూపంటేనే ఆవిడకి హడలు.

ఆ చూపు ఊరికే రాలేదు. లీలావతిది అమలాపురం. స్టాఫ్ సెలక్షన్ పరీక్ష రాసి, ఢిల్లీలో మంత్రిత్వ శాఖలో ఉద్యోగం సంపాదించుకుంది. రాజగోపాల్ కూడా కేంద్ర ప్రభుత్వంలోనే, వేరే శాఖలో. పెళ్ళయ్యాక, కూతురు హారిక పుట్టిన కొద్ది నెలలకి, లీలావతికి, పక్కన ఎవరూ లేకపోయినా, మాటలు వినపడడం మొదలైంది. పై అంతస్తు వాళ్ళు నీళ్ళ ట్యాంకులో విషం కలుపుతున్నారనేది. తన గుండెలో ఎవరో దూరి కూర్చుని లోపల్నించి తలుపు కొడుతున్నారనేది. పాలలోనూ విషం ఉందని పిల్లకి పాలు పట్టడం మానేసింది. ఒక పొద్దున్న చంటిదాన్ని చంకనేసుకుని, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా యమున ఇసుకలోకి నడిచి వెళ్ళిపోయింది. అక్కడ పుచ్చపాదులు వేసుకునేవాళ్ళు చూసి ఆపకపోతే ఏమయ్యేదో, ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఆసుపత్రిలో ఆ మాత్ర మొదలుపెట్టాకే మాటలు ఆగాయి. సంత ఎత్తేసిన మైదానంలా లోపలంతా నిశ్శబ్దమైంది.

ఆ మాత్ర ఆవిడ పుట్టింటికి కొత్తది కాదు. లీలావతి తమ్ముడు సుధీంద్రకి కాలేజీలో ఉండగానే అదే జబ్బు వచ్చింది. అతనికి ఆ మందు బాగా పడింది. "తమ్ముడికి పడింది కదమ్మా, ఒకే రక్తం, నీకూ పడుతుంది," అని అప్పుడా ఆసుపత్రిలో ఉండి, తర్వాత లక్ష్మీనగర్‌లో క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ శివరామకృష్ణ అదే రాశాడు. పడింది కూడా. సుధీంద్ర గుర్గావ్‌లో ఒక కంపెనీలో కుదురుకున్నాడు. అక్కకీ తమ్ముడికీ ఆదివారం ఫోను ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది.

"మాత్ర?"

"వేసుకున్నానక్కా. నీది?"

"వేసుకున్నా."

ఆ తర్వాతే కూరలు, కబుర్లు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ, రాజగోపాల్‌కీ, డాక్టరుకీ తప్ప ఐదో చెవికి తెలియదు. ఆఫీసుకీ తెలియదు. పేరంటానికి పిలిచే తెలుగు వాళ్ళకీ తెలియదు. పదోతరగతి చదువుతున్న హారికకి కూడా అది నిద్రమాత్రనే చెప్పారు.

అలా పదిహేనేళ్ళు గడిచాయి. ఇప్పుడీ ఎండాకాలం మొదట గొంతునొప్పి పట్టుకుంది. దగ్గర్లోని డాక్టరు యాంటీబయాటిక్ రాశాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే రాశాడు. ఆ వేడికి తోడు కడుపు చెడి విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి వాడిపోయింది. వరండాలో పడింది ఆ రోజుల్లోనే.

రెండోసారి వంటింట్లో పడబోయి గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. గుండెలో అదే టపటప. ఇక దాచలేకపోయింది.

"ఏవండీ, నా గుండె మధ్యమధ్యలో ఆగిపోతోందండీ."

రాజగోపాల్ పేపరు మడిచాడు. పక్కన పెట్టాడు. చూశాడు.

"ఆగిపోతే మనిషి ఎలా ఉంటుంది లీలా?" అన్నాడు, ఎంతో మెత్తగా. "లోపల ఎవరైనా కొడుతున్నట్టుందా? అప్పట్లోలాగా?"

"లేదండీ. ఇది అది కాదు."

"మాటలేమైనా..."

"లేవని చెప్తున్నా కదండీ!"

గొంతు పెరిగింది. పెరిగిన గొంతు విని ఆవిడే భయపడింది. అప్పట్లో కూడా ఇలాగే అరిచేది మరి.

మర్నాడు లక్ష్మీనగర్ వెళ్ళారు. శివరామకృష్ణ మంచివాడే. ఇన్నేళ్ళుగా ఆ ఇంటిని కాపాడుకుంటూ వచ్చాడు. కానీ బయట బెంచీల నిండా జనం. రాజగోపాల్ చెప్పిన "గుండె" అన్న మాట వినగానే ఆయనకి పాత కథే గుర్తొచ్చింది. నాడి చూశాడు. బాగానే కొట్టుకుంటోంది.

"ఆందోళనమ్మా. జబ్బు మళ్ళీ తొంగి చూసే ముందు ఇలాగే ఉంటుంది. మొదట్లోనే తుంచేద్దాం. మోతాదు కాస్త పెంచుతున్నాను."

గొంతునొప్పి మందు సంగతి ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. గొంతుకీ మనసుకీ సంబంధం ఏముంటుందనుకున్నారు.

పెంచిన మాత్ర వేసుకున్న దగ్గర్నుంచీ పిట్ట తరచుగా రావడం మొదలుపెట్టింది. బస్సెక్కేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, ఒక్కోసారి ఊరికే కూర్చున్నప్పుడు కూడా. లీలావతికి ఒక అనుమానం పుట్టింది.

ఈ మాత్రే నన్ను చంపుతోందా?

ఆ మాట పైకి ఎలా అంటుంది? నీళ్ళలో విషమనీ, పాలలో విషమనీ అన్న నోరే కదా ఇది! ఇప్పుడు మందులో విషమంటే ఇంక చెప్పాలా? మాత్ర మానేద్దామా అంటే, మానేసిన రోగులు ఏమయ్యారో ఆవిడ వార్డులో కళ్ళారా చూసింది. మానేస్తే ఆ గొంతులు వస్తాయి. యమున ఇసుక వస్తుంది. వేసుకుంటే పిట్ట వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అసలు పిట్ట నిజంగా ఉందా? అదే అన్నిటికంటే పెద్ద భయం. ఒకసారి అబద్ధం చెప్పిన మనసు మళ్ళీ చెప్పదని ఏముంది? మోచేతి మీద కమిలిన మచ్చని బాత్రూంలో లైటు కింద పెట్టుకుని చూసుకునేది. మచ్చ ఉంది. నొక్కితే నొప్పి ఉంది. పడిన మాట నిజమే. ఎందుకు పడిందో చెప్పడానికి మాత్రం సాక్ష్యం లేదు.

ఆదివారం ఫోనులో తమ్ముణ్ణి అడిగింది.

"ఒరే, నీకు ఎప్పుడైనా గుండె దడదడలాడి కళ్ళు తిరుగుతాయా?"

"లేదక్కా. ఏం?"

"నీ మోతాదు ఎంత?"

చెప్పాడు. ఆవిడకి పెంచిన మోతాదు కన్నా అది ఎక్కువ. "నిక్షేపంలా ఉన్నానక్కా, మొన్న కంపెనీ వాళ్ళు క్రికెట్ కూడా ఆడించారు. ఏం, నీకు ఒంట్లో బావుండట్లేదా?"

"బానే ఉంది," అంది. ఫోను పెట్టేసి మంచం మీద కూలబడింది. అదే మాత్ర, అంతకన్నా ఎక్కువ మోతాదు, ఒకే తల్లి బిడ్డలు. వాడికేం కాలేదు. అయితే ఇది మందు వల్ల కాదు. తన బుర్రలోదే. ఆ రోజు నుంచి తనని తనే నమ్మడం మానేసింది. గుండెలో టపటపలాడినా పళ్ళ బిగువున ఊరుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కూలర్ ముందు కూర్చుని లీలావతి హారికకి జడ వేస్తోంది. రాజగోపాల్ పెరుగు తేవడానికి మదర్ డెయిరీ బూత్‌కి వెళ్ళాడు. జడ సగంలో ఉండగా తల్లి చేతులు ఆగిపోయాయి. హారిక వెనక్కి తిరిగేసరికి లీలావతి పక్కకి ఒరిగిపోతోంది. ముఖం పాలిపోయి, పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నా వాటిలో మనిషి లేదు. స్కూల్లో ఫస్ట్ ఎయిడ్ నేర్పినప్పుడు చెప్పినట్టు మెడ దగ్గర వేళ్ళు పెట్టి వెతికింది. ఏమీ తగల్లేదు. "మమ్మీ! మమ్మీ!" అని అరుస్తూ రెండు చేతులతోనూ ఛాతీ మీద గుద్దింది. కాసేపటికి తల్లి ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగింది.

రాజగోపాల్ లోపలికి వచ్చేసరికి ఇద్దరూ నేల మీదే ఉన్నారు. కూతురు తల్లి మణికట్టు పట్టుకుని వదలట్లేదు.

"ఏమైంది? మళ్ళీ ఏమైనా..." అంటూ భార్య వంక చూశాడు, అదే చూపుతో.

లీలావతి తల దించుకుంది. "ఏం లేదండీ. ఆందోళన. డాక్టరు గారన్నారు కదా."

"నహీఁ పాపా!" హారిక గొంతు చీరుకుపోయింది. "నేను దేఖా. నబ్జ్ నహీఁ థీ. పల్స్ లేదు, సచ్‌మే లేదు. మమ్మీ యాక్టింగ్ నహీఁ కర్ రహీ. ఇట్స్ హర్ హార్ట్!"

ఆ పిల్ల మాటకి రాజగోపాల్ చేతిలో పెరుగు ప్యాకెట్టు కింద పడింది. లీలావతికి మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. చచ్చిపోతానన్న భయానికి కాదు. ఇన్నాళ్ళకి ఇంకో మనిషి ఆ పిట్టని చూసింది.

ఆటోలో నోయిడా దగ్గర ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళారు. ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు. కాగితం చూసిన కుర్ర డాక్టరు లోపలికి పరిగెత్తాడు. అతనితో పాటు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. గుండె డాక్టరు, పేరు సక్సేనా. కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, హిందీలో అడిగింది.

"ఏమేం మందులు వాడుతున్నారు?"

"ఏమీ లేవండీ," అన్నాడు రాజగోపాల్. "బీపీ లేదు, షుగర్ లేదు. గొంతునొప్పికి ఎరిత్రోమైసిన్ వాడుతోంది. విరేచనాలయ్యాయి. అంతే."

"ఇంకేం లేవా?"

రాజగోపాల్ చుట్టూ చూశాడు. పక్కన హారిక నిలబడి ఉంది. రెండు అడుగుల దూరంలో వార్డుబాయ్ ఉన్నాడు. ఇన్నేళ్ళుగా కాపాడుకున్న గుట్టు అది. "లేవు," అన్నాడు.

లీలావతి ఆయన ముఖంలోకి చూసింది. ఇప్పుడు ఊరుకుంటే తను మంచిదానిగా, మామూలుదానిగా చచ్చిపోవచ్చు. ఆ ఆలోచన రెప్పపాటు ఆవిడకి హాయిగానే అనిపించింది కూడా. తర్వాత హారిక సగం అల్లిన జడ కనపడింది.

"మైఁ దిమాగ్ కీ దవాయీ లేతీ హూఁ," అంది. "పిచ్చికి. చాలా ఏళ్ళుగా. ఈ మధ్యే మోతాదు పెంచారు." మాత్ర పేరు చెప్పింది.

హారిక వేళ్ళు తల్లి చేతి మీద ఒక్కసారి సడలి, మళ్ళీ బిగుసుకున్నాయి. డాక్టరు సక్సేనా ముఖంలో మాత్రం లీలావతి భయపడినది ఏదీ కనిపించలేదు. నర్సు వైపు తిరిగి గబగబా ఏవో మందులు చెప్పింది. "ఆ మాత్రా, ఎరిత్రోమైసినూ రెండూ ఈ క్షణం నుంచి బంద్. మానిటర్ పెట్టండి. మెగ్నీషియం డ్రిప్ సిద్ధం చెయ్యండి."

సూది ఎక్కిస్తుండగానే మళ్ళీ వచ్చింది. పిట్ట కాదు ఈసారి, పిట్టల గుంపు. తలాపున మిషను కీచుమని మొత్తుకుంది. ఎవరో "హటో, హటో" అంటున్నారు. హారికని బయటికి నెడుతున్నారు. లీలావతి 'నేను చెప్పిందంతా నిజమే' అనుకుంటూ చీకట్లోకి జారిపోయింది.

మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద చర్మం కాలినట్టు మండుతోంది. కరెంటు షాకు ఇచ్చారట. రాజగోపాల్ మంచం పక్కన, మనిషి సగమైనట్టు కూర్చుని ఉన్నాడు. ఆవిడ అడిగిన మొదటి మాట: "కాగితం మీద పడిందా?"

డాక్టరే తెచ్చి చూపించింది. బుద్ధిగా నడుస్తున్న గీతలు ఒక చోట చెదిరి, ఎవరో తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. లీలావతి ఆ మెలికల్ని వేలితో తడిమింది. లోపల ఏదో ముడి విడిపోయింది.

సాయంత్రానికి సుధీంద్ర గుర్గావ్ నుంచి వచ్చాడు. అక్క ఛాతీకి అతికించిన వైర్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"మేడమ్, నేనూ అదే మాత్ర వాడుతున్నాను. అక్క కన్నా ఎక్కువే. నాకేం కాలేదే?"

"నువ్వు మగవాడివి," అంది సక్సేనా. కుర్చీ లాక్కుని, ముగ్గురికీ వినపడేలా నెమ్మదిగా చెప్పింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధపడాలి. దానికి కాస్త వ్యవధి కావాలి. పెద్దయిన ఆడవాళ్ళకి ఆ వ్యవధి సహజంగానే మగవాళ్ళకన్నా కొంచెం ఎక్కువ. జబ్బేం కాదు, ఒంటి తీరే అంత. ఈ మాత్ర ఆ వ్యవధిని ఇంకా సాగదీస్తుంది. మగవాడి గుండెకి సాగినా ఇంకా చోటు మిగులుతుంది. ఆడమనిషికి అంచు దగ్గర పడుతుంది. ఆ పైన ఎరిత్రోమైసిన్ కూడా అదే పని చేస్తుంది. విరేచనాల్లో ఒంట్లో ఉప్పులు పోయాయి. దానికి తోడు మోతాదు పెంచారు. "అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. ఇలా ప్రాణం మీదికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. చాలామంది ఆందోళన అనిపించుకునే ఇంటికి వెళ్ళిపోతారు. నీకు ప్రమాదం లేదని కాదు బాబూ, తక్కువంతే. నీకూ ఈసీజీ తీయాలి."

సుధీంద్రకి అప్పుడే ఈసీజీ తీశారు. కాగితం ఫర్వాలేదన్నారు, కానీ మందు మార్చమన్నారు. తిరిగి వచ్చి అక్క మంచం మీద తల ఆనించి, "నువ్వు అడిగినప్పుడు నిక్షేపంలా ఉన్నానన్నానక్కా," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నీకు ఉన్నదే చెప్పావు కదరా," అంది ఆవిడ.

డాక్టర్ శివరామకృష్ణ కూడా వచ్చాడు. కాగితం మీది మెలికలు చూశాడు. "గుండె అన్నావు. నేను మనసని విన్నాను," అన్నాడు. సక్సేనాతో కూర్చుని వేరే మందు ఎంచాడు.

కానీ కొత్తది మొదలుపెట్టే ముందు గుండె కుదుటపడాలి. ఒంట్లో ఏ మాత్రా లేకుండా వార్డులో పడుకున్న ఆ రోజులు లీలావతి జీవితంలో అన్నిటికన్నా భయంకరమైనవి. ఒక చెవి మిషను కీచుకి, ఇంకో చెవి లోపలి గొంతులకి అప్పగించి పడుకుంది. పక్క మంచం ఆవిడ గొణిగితే ఉలిక్కిపడేది. "హారికా, ఇప్పుడెవరైనా మాట్లాడారా?" అని అడిగేది.

హారిక మొదటి రోజు ముభావంగానే ఉంది. రెండో రోజు వచ్చీరాని తెలుగులో అడిగింది. "అమ్మా, నన్ను తీసుకుని యమునకి వెళ్ళావా?" తండ్రి చెప్పాడన్నమాట.

"వెళ్ళాను."

"డర్ లగా థా?"

"నీళ్ళంటే భయం వెయ్యలేదు. ఇంటికి రావాలంటే వేసింది."

పిల్ల కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుంది. అప్పటి నుంచీ తల్లి అడిగినప్పుడల్లా చుట్టూ చూసి, "అవును, ఆ ఆంటీ మాట్లాడింది," అనో, "లేదు, ఎవరూ మాట్లాడలేదు," అనో నిజం చెప్పేది.

లీలావతి బతికింది. కొత్త మందుతో ఇంటికొచ్చింది. దానితో ఒళ్ళు పెరిగింది, చేతి వేళ్ళు సన్నగా వణికేవి, ఆఫీసులో డ్రాఫ్టు రాస్తే అక్షరాలు వంకర్లు పోయేవి. నెలలు తిరిగినా స్నానానికి వెళితే గడియ పెట్టుకునేది కాదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు తన మందు పేరు చెప్పేది, చుట్టూ ఎవరున్నా సరే. చెప్పేటప్పుడు మాత్రం ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి.

ఆ చలికాలం, బాల్కనీలో ఎండకి కూర్చుని భార్యాభర్తలిద్దరూ బఠాణీలు ఒలుస్తున్నారు. కుక్కర్ కూతల మధ్యలోంచి ఎవరో మగగొంతుతో "లీలా" అన్నారు. ఆవిడ చేతులు ఆగాయి. రాజగోపాల్ నోరు మెదపలేదని ఆవిడకి తెలుసు. పాత మందు మానినందుకు ఈ గొంతు ఎప్పటికైనా వస్తుందని తెలుసు.

"ఏవండీ," అంది. "వినపడిందండీ."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. కళ్ళలో భయముంది. అయినా మాత్ర సంగతి అడగలేదు. "ఏమంటోంది?" అన్నాడు.

"పేరు పెట్టి పిలిచింది. అంతే."

"గుండెలో ఎలా ఉంది?"

"మామూలుగానే కొట్టుకుంటోంది."

మర్నాడు ముందు ఈసీజీ తీయించారు. అది బాగున్నాకే శివరామకృష్ణ మోతాదు రవ్వంత పెంచాడు. మళ్ళీ తీయించాడు. కొన్ని వారాలకి ఆ గొంతు దూరమైంది. పూర్తిగా పోయిందని ఆవిడ ఎవరితోనూ అనదు.

ఉద్యోగం మానలేదు. అదే చార్టర్డ్ బస్సులో వెళ్ళి వచ్చేది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నడవ వైపే కూర్చునేది. పడితే ఎవరికో ఒకరికి కనపడుతుందని.